సుంకప్ప విప్పిన కట్లు

తాళంచెవి కదిరమ్మ చేతిలో ఉంది. ఇంజను మాత్రం ఆగలేదు.

నా పేరు హరికృష్ణ. హిందూపురంలో ముప్పై ఏళ్ళుగా బండ్ల సామాన్ల అంగడి నడుపుతున్నాను. ఇంజన్ల గురించి నాకు తెలియంది లేదని నలుగురిలో గొప్పలు చెప్పుకునే రకం. డీజిల్ ఇంజను ఒక్కోసారి తాళం తీసేశాక కూడా తనంతట తాను ఆడుతుందని వినడమే గానీ చూసింది లేదు. పోయినేడు ఒక ఆదివారం పొద్దున, పెనుకొండలో హైవే పక్కన, సుంకప్ప షెడ్డు ముందర చూశాను.

కదిరమ్మ గొర్రెల వ్యాపారి. మొగుడు పోయాక పికప్ బండి నడపడం నేర్చుకుని, ఊరూరా తిరిగి జీవాలు కొని సంతల్లో అమ్ముకుంటుంది. ఆ బండి లేకపోతే ఆమెకు బతుకు లేదు. ఆ రోజు ఇరవై రెండు పొట్టేళ్ళతో సంతకు పోతూ, బండి ఈల వేస్తోందని, పొగ ఎక్కువైందని సుంకప్పకు చూపించడానికి ఆపింది. నేను సుంకప్పకు సామాన్లు తెచ్చిచ్చి టీ తాగుతున్నాను. ఆమె తాళం తీసి కిందికి దిగింది. ఇంజను ఆగకపోగా అంతకంతకూ గొంతు పెంచింది.

"సుంకన్నా! తాళం నా చేతిలోనే ఉండాది! ఇదింకా ఆడతాండాది, ఇదేందన్నా!"

నా చేతిలోని టీ గ్లాసు కిందపడిందని తర్వాత ఎవరో చెప్తే తెలిసింది. నీలం కలిసిన తెల్లటి పొగ రోడ్డును కమ్మేసింది. వెనక పొట్టేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి అరుస్తున్నాయి. "పేలిపోతాది, పక్కకు రాండప్పా!" అని కేకపెట్టింది నేనే. అందరికంటే ముందు పక్కకు పరిగెత్తిందీ నేనే.

సుంకప్ప పరిగెత్తలేదు. ఇంజనులోకి గాలిని నెట్టే టర్బో లోపలి నుంచి నూనె కారి గాలి దారిలోకి పోతే, ఇంజను ఆ నూనెనే తాగి ఆడుతుంది. అప్పుడు దానికి తాళంతో పని లేదు, డీజిల్‌తో పని లేదు. గాలి మూసేయడం ఒక్కటే మార్గం. సుంకప్ప బానెట్ ఎత్తి, గాలి ఫిల్టరు నోటికి ట్యూబు ముక్క అడ్డం పెట్టి, దాని మీద చెక్క పెట్టి, ఒళ్ళంతా బరువేసి అదిమాడు.

"ఐదు ఎంచేలోపల ఆగిపోతాదన్నా, బయపడాకు" అన్నాడు నాతో, ఆ పొగలోంచే.

ఐదు అయింది. పది అయింది. చప్పుడు కొంచెం తగ్గిందే గానీ ఇంజను చావలేదు. అంత నిబ్బరం గల మనిషి ముఖంలో రంగు పోవడం నేను చూశాను. గాలి దారి మూసి ఉంది. మరి ఈ ఇంజనుకు గాలి ఎక్కడిది? సుంకప్ప కళ్ళు పైపు వెంబడి పోయి ఒకచోట ఆగిపోయాయి. ఫిల్టరు నుంచి వచ్చే పైపు టర్బోకు తగులుకునే చోట, క్లాంపు కింద, సుంకప్ప తన చేతులతో చుట్టిన పట్టు పోగులు ఉన్నాయి. వాటి కొసలు వణుకుతూ లోపలికి పోతున్నాయి. గాలి అక్కడి నుంచి పోతోంది.

"కదిరమ్మా! బండెక్కు! టాప్ గేరేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, క్లచ్చి ఇడిసిపెట్టు!"

ఆమె కొంగుతో ముక్కు మూసుకుని ఆ పొగలోకి దూరింది. బండి గజం దూరం ఎగిరి దబ్బున ఆగింది. ఇంజను చచ్చింది. ఒక పొట్టేలు కిందికి దూకి హైవే మీద పరుగు అందుకుంటే, దాని వెంట ఇద్దరు డ్రైవర్లు పరుగు అందుకున్నారు.

కదిరమ్మ కిందికి దిగి మట్టిలో కూలబడింది. ఊపిరి తీసుకోగానే నా మీద పడింది.

"ఏమప్పా హరన్నా, నీ అంగట్లో టర్బో కొని ఎనిమిది నెలలు కూడా కాలేదే! దొంగ సామాను అంటగట్టి నన్ను సంపాలనుకున్యావా?"

నా నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. నేను ఆమెను అనరాని మాటలన్నాను. బండి నడపడం చేతగాక సామాన్ల మీద పడి ఏడుస్తావా అన్నాను. అక్కడ పోగైన డ్రైవర్లంతా ఆమె పక్కే చేరారు. హిందూపురం సామానే అంత అన్నారు. సుంకప్ప మాత్రం ఎవరి మాటా వినకుండా క్లాంపు విప్పుతున్నాడు.

ఇక్కడ సుంకప్ప గురించి కొంత చెప్పాలి. వాళ్ళది పెనుకొండకు ఆవల వాన ఎరగని పల్లె. నాయన గొర్రెల కాపరి. చదువు అబ్బక లారీ షెడ్డులో చేరి, ఒక కదిరి మేస్త్రి దగ్గర తన్నులు తిని పని నేర్చుకున్నాడు. ఇప్పుడు యాభై రెండేళ్ళు. మాట తక్కువ. అబద్ధం చెప్పి ఒక్క బోల్టు మార్చి ఎరగడు. బండి షెడ్డులోకి రాకముందే రోడ్డు మీద చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్తాడు.

అతని చెల్లెల్ని ధర్మవరంలో నల్లప్ప అనే నేతగాడికి ఇచ్చారు. పంతొమ్మిదేళ్ళ కిందట సుంకప్ప చెల్లెల్ని చూడబోతే, వీధి చివర ఒక జీపు ఆగిపోయి ఉంది. దాని గాలి పైపు నోరు క్లాంపు బిగించీ బిగించీ కోలగా సాగిపోయింది. కొత్త రింగు వేసినా నిలవదు. సుంకప్ప నల్లప్ప ఇంట్లో మూలన పడి ఉన్న పచ్చి పట్టు పోగులు తెచ్చి, షెడ్డులో అతుకులకు వాడే పేస్టు పూసి, పైపు నోటి చుట్టూ వరసగా చుట్టి క్లాంపు బిగించాడు. గంటలో రాయిలా గట్టిపడింది. ఆ జీపు ఏళ్ళ తరబడి తిరిగింది.

అప్పటి నుంచి "సుంకప్ప కట్టు" అని పేరు పడింది. పెనుకొండ, ధర్మవరం, అటు కదిరి దాకా డ్రైవర్లు కొత్త బండి కొన్నా సరే, పైపు కొంచెం వదులైతే చాలు, ఆ కట్టు కట్టించుకోవడానికి వచ్చేవారు. పైన పసుపు రాసి, ఊదుబత్తి వెలిగించి పోయేవారు కొందరు. నేనే ఎంతమందికి చెప్పి పంపానో! నా అంగట్లో రబ్బరు రింగులు పెట్టుకుని, "రింగు దండగప్పా, సుంకప్ప కాడికి పో" అన్నవాణ్ణి నేను.

పైపు ఊడి వచ్చింది. లోపల వేలు పెట్టి తీసి సుంకప్ప నాకు చూపించాడు. వేలి నిండా ఎర్ర దుమ్ము. నూనెతో కలిసి పిండిలా అంటుకుంది. టర్బో నోట్లో రెక్కల అంచులు ఎవరో కొరికి తిన్నట్టున్నాయి. దుమ్ము తగిలి తగిలి రెక్కలు అరిగాయి, రెక్కలు అరిగి ఇరుసు ఊగింది, ఇరుసు ఊగి నూనె కారింది. పైకి రాయిలా ఉన్న ఆ కట్టు లోపలి వైపు నానిన అటుకుల్లా మెత్తగా ఉంది. సుంకప్ప దాన్ని వేళ్ళతో పీకితే ముద్దగా ఊడి వచ్చింది.

అతను లేచి నిలబడ్డాడు. అక్కడ పదిహేను మందికి తక్కువ లేరు.

"కదిరమ్మా, హరన్నను అనాకు. టర్బో తప్పు కాదు. తప్పు నాది. నా కట్టు దుమ్ము మింగింది. ఇన్నేండ్లూ మింగతానే ఉండాది. నేను సూసుకోలేదు."

తర్వాత జరిగింది చూసి నేను మరింత నివ్వెరపోయాను. ఒక్కరు కూడా నమ్మలేదు! "సుంకన్న మంచోడు కాబట్టి అంగడాయన్ను ఎనకేసుకొస్తాండాడు" అన్నాడు రంగయ్య అనే లారీ డ్రైవరు. అందరూ తలలూపారు. మనిషి తన తప్పు తానే చెప్పుకుంటే కూడా నమ్మని లోకాన్ని ఏమనాలి? నాకు కోపం వచ్చిందా, సిగ్గు వేసిందా ఇప్పటికీ చెప్పలేను.

ఆ సాయంత్రం సుంకప్ప తన కట్టు ఉన్న బండ్లన్నీ గుర్తు తెచ్చుకుని చెప్పాడు. టర్బో ఉన్నవి నలభై ఒకటి. వాటిలో ఇంకొకటి ఇలా తిరగబడితే? అది కొండ దారిలో అయితే? లోపల మనుషులుంటే? అతను అన్నం ముట్టలేదని భార్య మారెమ్మ ఫోను చేసింది. "విప్పాలన్నా, అన్నీ విప్పాల. కానీ విప్పి ఏం పెట్టాల?" అన్నాడు మర్నాడు నా అంగడికి వచ్చి.

అదే చిక్కు. నా దగ్గరున్న రబ్బరు రింగులన్నీ తిరగేశాం. కోలగా సాగిన పైపు నోటికి ఏదీ పట్టదు. పట్టినా టర్బో లాగే లాగుడుకు నిలవదు. పాత రకం ఇంజను గాలిని మామూలుగా పీల్చుకుంటుంది. టర్బో ఉన్నది దానికి రెండింతలు పీలుస్తుంది, పైగా వేడి, పైగా నూనె ఆవిరి. ఆ తేడా మేమిద్దరం ఎరగనిది కాదు. ఎరిగీ ఆలోచించలేదు.

తూముకుంట దగ్గర మంజునాథ్ అని ఒకాయనకు చిన్న రబ్బరు కార్ఖానా ఉంది. సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడతాడు. మేము పోతే, "దుడ్లు సంగతి ఆమేలె చూద్దాం అణ్ణా, ముందు పైపు ఇక్కడ పెట్టండి" అన్నాడు, డబ్బు మాట తర్వాతికి పెట్టి. కొలతలు తీసుకుని మూడు రకాల రబ్బరుతో మూడు రింగులు పోసి ఇచ్చాడు.

వారం తర్వాత నేను పెనుకొండలో సుంకప్ప ఇంటికి పోతే, పొయ్యి మీద పప్పు గిన్నెలో ఇంజనాయిలు కాగుతోంది. మారెమ్మ వాకిట్లో కూర్చుని నెత్తి కొట్టుకుంటోంది.

"చూడన్నా, ఈయప్పకు పిచ్చి పట్టె! నా గిన్నెలో ఆయిలు ఉడకబెడతాండాడు. ఇల్లంతా లారీ వాసన!"

సుంకప్ప గరిటెతో రింగులు తీసి ఒక్కొక్కటి కొలుస్తున్నాడు. మొదటి రింగు మూడో రోజుకే ఉబ్బి జావైపోయింది. రెండోది ఉబ్బలేదు గానీ, గట్టిగా ఉండి కోల నోటికి అతకలేదు. మూడోది గోధుమ రంగు రబ్బరు, అంచుకు రెండు పలచటి పెదవులు. వారం కాగినా కొలత మారలేదు. దాన్ని పెట్టేముందు పైపు నోట్లోకి పలచటి అల్యూమినియం కంకణం ఒకటి దూర్చి గుండ్రంగా నిలబెట్టాలని సుంకప్పకే తట్టింది. అప్పుడు క్లాంపు ఎంత బిగించినా నోరు సాగదు.

పాడైన టర్బో మార్చి, ఆ రింగు కదిరమ్మ బండికే మొదట వేశాడు. ఆమెను బతిమాలి ఒప్పించాడు. రింగు దాటాక పైపు లోపల పలచగా తెల్ల గ్రీజు పూశాడు. "నెల తిరుగు కదిరమ్మా. గొర్రెల మంద ఎనకాల ఎంత దుమ్ము ఉంటే అంత దుమ్ములో తిరుగు" అన్నాడు. నెల తర్వాత విప్పితే గ్రీజు పూసినప్పుడు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగా ఉంది. కదిరమ్మ అందులో వేలు పెట్టి, ఆ వేలిని వెలుతురులో తిప్పి తిప్పి చూసుకుంది. "అంటే నువ్వు సెప్పింది నిజమేనా సుంకన్నా?" అంది. అప్పటికి గానీ ఆమె నమ్మలేదు.

ఇక విప్పడం మొదలైంది. అది అసలు కష్టం. డ్రైవర్లు తమ బండి మీద చెయ్యి వేయనివ్వరు! "నా బండి బాగుండాది కదన్నా, కట్టు ఎందుకు తీస్తావు, నీ చేతి గుణం పోతాది" అని రంగయ్య బానెట్‌కు అడ్డం నిలబడ్డాడు. సుంకప్ప వాదించలేదు. ఇంజను ఆడిస్తూనే ఫిల్టరు నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"కట్టు మంచిదైతే ఇంజను చావాల రంగన్నా. చూడు."

చావలేదు. రంగయ్య చెయ్యి పెట్టి చూశాడు, అయినా చావలేదు. కట్టు విప్పి రింగు వేశాక మళ్ళీ చెయ్యి పెట్టమన్నాడు. మూడు లెక్కపెట్టేలోపు ఇంజను గుటకలు వేసి చచ్చింది. రంగయ్య అరచేతి మీద గుండ్రటి ముద్ర పడింది. పదిమంది ముందర, బండి తర్వాత బండికి, సుంకప్ప ఈ పరీక్ష చేశాడు. ప్రతిసారీ తన పని తప్పని తన చేత్తోనే చూపించుకున్నాడు. పంతొమ్మిదేళ్ళ పేరును ఒక మనిషి ఇలా నడిరోడ్డు మీద విప్పి పారేయడం నేనెక్కడా చూడలేదు.

ధర్మవరంలో బావమరిది నల్లప్పకు చీరలు చేరవేసే వ్యాను ఉంది. దాని కట్టు విప్పబోతే నల్లప్పకు రోషం వచ్చింది.

"మా పట్టుకు వంక పెడతాండావా బావా?"

"పట్టుకు కాదు నల్లప్పా. లోపల మెత్తబడతాండాది, ఎందుకో తెలీడంలేదు."

నల్లప్ప ఆ ముద్దను వాసన చూశాడు, వేళ్ళ మధ్య రుద్దాడు. "ఇది పచ్చి పట్టు కదా. పచ్చి పట్టుకు బంక ఉంటాది. ఆరితే రాయి మాదిరి ఉంటాది, వేన్నీళ్ళు తగిల్తే బంక ఇడుస్తాది. అందుకే మేము సబ్బేసి ఉడకబెట్టి గానీ మగ్గం ఎక్కించము. మా వీదిలో ఎవుర్నడిగినా సెప్తారు" అన్నాడు.

సుంకప్ప ఆ ముద్దను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. కాగిన ఇంజను మీద సర్వీసింగులో నీళ్ళు కొట్టినప్పుడల్లా, వానలో తిరిగినప్పుడల్లా లోపల బంక కరిగిపోతూ వచ్చింది. పంతొమ్మిదేళ్ళు ఆ ఇంట్లోనే పోగులు అడిగి తీసుకున్నాడు. ఎందుకని నల్లప్ప అడగలేదు, ఇదేం పట్టు అని సుంకప్పా అడగలేదు. నేను నల్లప్ప మీద మండిపడ్డాను. తెలిసి కూడా ఇన్నేళ్ళు నోరు మూసుకున్నావేమయ్యా, మనుషుల ప్రాణాల మీదికి వచ్చింది కదయ్యా అని నడివీధిలో అరిచాను. పాపం, నల్లప్ప తల దించుకున్నాడు. సుంకప్పే నా చెయ్యి పట్టుకుని ఇవతలికి తీసుకొచ్చాడు.

నలభై బండ్లు అయ్యాయి. మిగిలింది ఒకటి, నా వ్యాను. నేనే వాయిదా వేస్తూ వచ్చాను. నాది ఊళ్ళో తిరిగేదే కదా, దానికేం కాదులే అనుకున్నాను. పది రోజుల కిందట ఒక మధ్యాహ్నం సుంకప్ప బస్సు దిగి, చేతిలో రింగుతో, నేరుగా నా అంగడికి వచ్చాడు.

"నువ్వే పెట్టన్నా చెయ్యి" అన్నాడు.

పెట్టాను. ఇంజను కొంచెం దగ్గింది, మళ్ళీ ఆడింది. నేను నవ్వబోయాను. సుంకప్ప ఇంజను వైపు చూడటం లేదు. అంగట్లో, టర్బోలు పెట్టే పై అర వైపు చూస్తున్నాడు.

"హరన్నా, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. మడకశిరోళ్ళు యాడాదికి ఎన్ని టర్బోలు కొంటారు నీ దగ్గర?"

"ఐదో, ఆరో."

"మా పెనుకొండోళ్ళు?"

నేను ఫిల్టరు నోటి మీంచి చెయ్యి తీసేశాను. పాతిక పైనే. మడకశిర వైపు సుంకప్ప కట్టు పోలేదు. బండ్లు రెండు చోట్లా ఒకటే లెక్క, రోడ్లూ ఒకటే, దుమ్మూ ఒకటే. అది నాకు తెలుసు. ఆరేడేళ్ళుగా తెలుసు. కంపెనీ మనిషి వచ్చినప్పుడల్లా పెనుకొండ వైపు ఎక్కువ పోతాయి, ఎక్కువ పంపు అని చెప్పింది నేనే. ఎందుకు పోతున్నాయని నన్ను నేను అడుక్కోలేదు. అడిగితే అమ్మకం ఆగుతుందని లోపల ఎక్కడో తెలుసేమో కూడా. ఈ మాట రాయడానికి నాకు వారం పట్టింది.

"నీకు తెలిసిండె కదన్నా" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఒక్క మాట సెప్పింటే అప్పుడే విప్పేసింటి."

తర్వాత వంగి కట్టు విప్పాడు, కంకణం పెట్టాడు, రింగు వేశాడు, చేతులు తుడుచుకుని బస్సుకు పోయాడు. టీ తాగమంటే తాగలేదు.

సుంకప్ప తన తప్పు తెలిసిన గంటలోపే పదిహేను మంది ముందర చెప్పాడు. నేను సుంకప్పతో కూడా ఏమీ అనలేకపోయాను. అంతటితో అయిపోయిందా అంటే, నిన్న పొద్దున కదిరమ్మ వచ్చింది. సంతకు పోతూ, బండి అంగడి ముందర ఆపి, పంచెలో చుట్టిన సీతాఫలాలు నా బల్ల మీద పెట్టింది.

"హరన్నా, ఆ పొద్దు నిన్ను ఊరికే నానా మాటలూ అంటి. నీ సామానుది ఏం తప్పు లేదని తెలిసినాక శానా బాధైంది. మనసులో పెట్టుకోవద్దన్నా" అంది.

"పర్వాలేదులే కదిరమ్మా" అన్నాను.